ఇరవై ఎనిమిది సెకన్లు

రాయదుర్గం, పదకొండో అంతస్తు.
రాత్రి రెండుంబావు.
ఏ దేశంలోనో ఎవరిదో విరిగిన మోకాలికి
ఇక్కడ నేను బీమా లెక్క కడుతున్నాను.
నిద్ర రెప్ప మీదికెక్కి దిగనంటోంది.

లేస్తాను.
ఉసిరికాయంత ఊదారంగు డబ్బీ ఒకటి
మెషిన్ నోట్లో పెట్టి బొత్తాం నొక్కుతాను.
లోపలెక్కడో సూది దిగిన చప్పుడు.
ఇరవై ఎనిమిది సెకన్లు.
పనిలేక ఒకసారి లెక్కపెట్టాను.
నురగతో సహా కాఫీ.

అబద్ధమెందుకు, బాగుంటుంది.
పాలు పొంగవు, గిన్నె మాడదు,
డికాషన్ దిగేదాకా
ఒకరి మొహం ఒకరు చూస్తూ నిలబడక్కర్లేదు.
ఇదివరకు స్టీలు ఫ్లాస్కు ఉండేది.
ఫణీంద్రకి చక్కెర ఎక్కువుండాలి, నాకు తక్కువ.
రోజూ పోట్లాటే.
ఇప్పుడు అతనిది బంగారు రంగు, నాది ఊదా,
పోట్లాట లేదు.
అతనికి బదిలీ అయిన సంగతి కూడా
బంగారు డబ్బీలు తరగకపోతే గానీ
నాకు తెలియలేదు.

పాడ్ అంటారు దాన్ని.
ప్యాంట్రీ సాయమ్మ నోట్లో అది పాడు.
"పాడులు ఒడిసినయ్ మేడం, రేపొస్తయ్."
నవ్వేవాళ్ళం.
ఒకట్రెండు సార్లు దిద్దబోయాను కూడా.

మెషిన్ కడుపులో ఒక సొరుగు ఉంటుంది,
మూడేళ్ళలో నేను చూడనిది.
ఆ రాత్రి ఎర్రదీపం వెలిగి మెషిన్ మొరాయిస్తే
సాయమ్మ వచ్చి లాగింది.
నెత్తిన చిల్లులతో, తడిగా, వెచ్చగా
ఒకదాని మీదొకటి,
గూట్లో ఒదిగిన పిట్టపిల్లల్లా.
"ఇవన్నీ ఎక్కడికి పోతాయి?"
"మా ఇంటికి" అంది.

లోపలి పొడి
బోరబండలో ఆమె గది ముందు కరివేపాకు మొక్కకు.
పై డబ్బీ ఖలీల్ భాయ్ తూకానికి.
తలపిన్నుతో రేకు చీల్చి
చెంచా కొనతో గీకి
కడిగి ఆరబెట్టాలి.
కడగకుండా పట్టుకెళ్ళిన మొదటి సంచిలోంచి
ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడట అతను:
"గిట్ల తెస్తే చెత్త. కడిగి తెస్తే అల్మినం.
నీ ఇష్టం అక్కా."

ఆదివారం నేనూ ఒక కవరు తెచ్చుకున్నాను.
మియాపూర్ ఫ్లాటు బాల్కనీలో పాత పేపరు పరిచి
ఇరవై డబ్బీలు ముందేసుకున్నాను.
మొదట కాఫీ వాసన,
తర్వాత పులుపు,
ఆ తర్వాత బూజు.
గోళ్ళ కింద నలుపు దిగింది.
పన్నెండోది చూపుడువేలు కోసింది.
నలభై ఒక్క నిమిషాలు,
ఒక బకెట్ మంజీరా నీళ్ళు.
వంటింటి కాటా మీద పెడితే
ఇరవై గ్రాములు.

లెక్కలే నా బతుకు కదా, వేసి చూశాను.
కప్పుకింత అని నేను మిగుల్చుకున్న నిమిషాలు
మిగల్లేదు ఎక్కడా.
సాయమ్మ ఖాతాలో ఖర్చు రాసి ఉన్నాయి,
నా సంతకం లేకుండా.

పన్నెండో అంతస్తుకు సాయమ్మ లేదు.
అక్కడివి నల్ల కవర్లో లిఫ్టు దిగుతాయి,
తెల్లారకముందే లారీ ఎక్కుతాయి.
జవహర్‌నగర్ గుట్ట మీద వాన పడ్డప్పుడు
చిల్లు పైకున్న ప్రతి డబ్బీ
ఒక గుక్క నీళ్ళు పట్టుకుని కూర్చుంటుంది,
ఎవరికో పోసిపెట్టినట్టు.

మేనేజర్‌ని అడిగాను.
"కంపెనీ వెనక్కి తీసుకుంటుంది మేడం,
పార్సిల్ చేసి పంపాలంతే" అన్నాడు
చేతిలో కప్పుతో.
పార్సిల్ ఎవరు కట్టాలో
ఆ రూలులో లేదు.

సోమవారం, మళ్ళీ రెండుంబావు.
నిద్ర ఆగదు, నేనూ ఆగలేదు.
వేలి కట్టు చూసి సాయమ్మ దగ్గరికొచ్చింది.
"ఏమైంది మేడం?"
"పాడు కోసింది" అన్నాను.
నా నోటంట ఆ మాట విని
ఆమె నవ్వలేదు.

ఎర్రదీపం వెలిగింది.
ఆమె చెయ్యి చాపేలోపు
సొరుగు నేనే లాగాను.
ఇంకా వెచ్చగానే ఉన్నాయి.